తీగెకు జరం

నార్కట్‌పల్లి రోడ్డు దిగి చేలకు అడ్డంపడి పోతే వచ్చే చిన్న ఊరు. కురుమల వాడలో మంత్రసాని జానమ్మ ఇల్లు. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు. ఊరి కరెంటు లైన్‌మన్ ఖుద్దూస్ వచ్చి చాలాసేపైంది, గడప తొక్కడానికి మొహం చెల్లక వాకిట్లోనే నిలబడిపోయాడు.

"...మెల్లగ మాట్లాడు, లోపటికి ఇనవడుతది. గా మాట ఇడిచి ఇంకేమన్న చెప్పు. పొల్లకు బొడ్డు ఊడిందా?"

"ఊడింది జానమ్మవ్వా. నేనొచ్చింది గది చెప్పెటందుకు కాదు. జర నా మాట—"

"ఊడినకాడ కొబ్బరినూనె అద్దుండ్రి. పాలు మంచిగ తాగుతాందా?"

"తాగుతాంది. అవ్వా, నేను—"

"నీళ్లెవరు పోస్తున్నరు?"

"మా అత్త, అమీనా వాళ్లమ్మ పోస్తాంది. పోస్తాంది గని ఆమెకు చెయ్యి తిరుగుతలేదు. పొల్ల ఊరు లేచేటట్టు ఏడుస్తాంది. జానమ్మవ్వ ఎప్పుడొస్తది, జానమ్మవ్వ ఎప్పుడొస్తది అని అమీనా ఒక్కటే తీర్గ అడుగుతాంది."

"రాను."

"మైలనా? మాకు గసొంటివేం లేవవ్వా."

"నాకున్నయి. చావైన ఇంట్లకెల్లి బాలింత ఇంటికి పోతనా? పసిగుడ్డు. ... గట్ల ఎండల నిలవడ్డవేంది? అరుగు మీద కూకో."

"కూసుంటె చెప్పలేను. నిలవడితేనే నోరు ఆడుతాంది."

"ఆడనియ్యకు మల్ల. నీళ్లు తాగుతవా?"

"వద్దు. గుర్వన్న ఏడి?"

"నా పెద్దోడు లోపటున్నడు. గొంగడి మడుస్తున్నడు."

"పోతున్నడా, నిజంగనే?"

"సాగర్ కట్ట కాడికి పోతడట. ఆడ రాళ్లు మోసేటోళ్లు కావాల్నట. పుట్టినకాడికెల్లి గొర్లెంబడి తిరిగినోనికి రాళ్లు మోసుడు ఏం చేతనైతది? నడుములు ఇరగ్గొట్టుకుంటడు. మల్ల రాడు ఖుద్దూసూ. నాకెరుకే. వాడు మల్ల ఈ వాకిలి తొక్కడు."

"పోనియ్యకవ్వా!"

"నేనెట్ల ఆపుత? కులపెద్దలు బీరప్ప గుడి కాడ కూసున్నరు. వీడు పోయి ఆల్ల ముందు మంద కాసే కట్టె ఇరిసి పెడతడు. తోడవుట్టినోని చావుకు కారణమైనోడు మల్ల మందెంబడి పోరాదు. మా కట్టు గది."

"కారణమని ఎవరన్నరు? పెద్దలన్నరా?"

"పెద్దలు ఒక్క మాట అనలే. వాడే పోయి ఆల్ల ముందట నిలవడ్డడు. కట్టె పొడుగు చేసింది నేను, తమ్ముని చేతికిచ్చింది నేను, నా మల్లప్పను నేనే సంపుకున్న అన్నడు. గట్ల అన్నంక పెద్దలు మాత్రం ఏం జేస్తరు?"

"యా అల్లా!"

"ఎండకాలమాయె. కింది కొమ్మలన్ని మేకలకు ఎన్నడో అయిపోయినయి. తుమ్మ మీద ఆకు ఉన్నదంటె ఇగ కొసకే. పచ్చి వెదురు కోస్కొచ్చి పాత కట్టెకు అతుకు వెట్టిండు. ఇనుప తీగె చుట్టిండు, కొసకు కొడవలి కట్టిండు. పొద్దుగాలనే కట్టి, 'తమ్మీ, ఇగ సూడు, సుక్కలు గూడ కోస్తవు' అని నవ్వుకుంట ఇచ్చిండు. గా నవ్వు యాది చేసుకుంట కూసుంటడు. బువ్వ ముందట వెడితె ఈగలు ముసురుతయి గని చెయ్యి కడగడు."

"యాదలక్ష్మి ఏమన్నదా?"

"అదేమంటది? మొగడు పోయిన దుఃఖంల గూడ బావకే బువ్వ వడ్డిస్తది. 'బావా, జర బువ్వ తిను' అంటది. గదొక్కటే అంటది. తిట్టినా బాగుండు. మట్టి ఎత్తి పోసినా బాగుండు. అది గట్ల మంచిగ అన్నకొద్ది వీడు సచ్చిపోతున్నడు."

"కట్టె వల్ల కాదవ్వా."

"మల్ల మొదలువెట్టినవు."

"కట్టె వల్ల కాదు. నేను మర్నాడు పొద్దుగాల పోయి చూసిన. రెండు గుట్టల నడుమ, మల్లప్ప పడ్డ జాగల. గా కట్టె అంత పొడుగు కట్టెను ఎడంగ నిలవెట్టి చూసిన. కరెంటు తీగెకు ఇంకా మస్తు ఎడం ఉన్నది."

"ఎవరు చూడమన్నరు నిన్ను?"

"ఎవరన్న చెప్పాల్నా? నా తీగె గది!"

"సర్కారు తీగె. నీది కాదు. పై ఆఫీసోళ్లు వచ్చిండ్రు, చూసిండ్రు, పొడుగు కట్టె తగిలి పోయిండని రాసుకోని పోయిండ్రు. ఐపోయింది. ఇగ నువ్వేంది తవ్వుడు?"

"ఆల్లొచ్చింది పొద్దుమూకి. తీగె సల్లవడ్డంక వచ్చిండ్రు. పైకి ఎక్కి కూసున్న తీగెను చూసి రాసుకున్నరు. మద్యానం ఉన్న తీగె వేరు, పొద్దుమూకి ఉన్న తీగె వేరు అవ్వా."

"నాకెందుకు చెప్తున్నవు ఇవన్ని? నేనేమన్న కరెంటు నౌకరి చేస్తున్ననా?"

"నీకు తెల్వదా? నవ్వుతుంటివి గదా నన్ను. వాడకట్టంత నవ్వుతుండె. తీగెకు జరం చూసే డాక్టరు వచ్చిండని."

"మల్లప్ప పెట్టిన పేరు గది."

"మల్లప్పే పెట్టిండు. నేను గుట్ట ఎక్కుతుంటె బండ మీదికెల్లి కేకేస్తుండె. 'ఖుద్దూస్ సాబ్, ఇయ్యాల జరం ఎంత?' ఉత్త కాలు బండ మీద పెట్టి, 'ఇయ్యాల ఎర్రగీత దాటుతది, పందెం' అంటుండె. ఒకపారి గెలుస్తుండె, ఒకపారి ఓడుతుండె. ఓడితె మేకపాలు పిండి పోస్తుండె. గెలిచినా పోస్తుండె."

"ఊకో బిడ్డా. ఊకో."

"తీగె మనిషి పానం లెక్కనే అవ్వా. ఎండకు కాగుతది. మోటర్లన్ని ఒక్కపారి నడిస్తె దాన్ల పారే కరెంటుకు ఇంకింత కాగుతది. గాలి ఆడితె సల్లవడతది. ఎండ మండి, మోటర్లు నడిచి, గాలి ఆడకుంటె మాత్రం సాగి కిందికి జారుతది. గా గుట్టల నడుమ ఇంకా కష్టం. స్తంభం ఈ గుట్ట మీదొకటి, ఆ గుట్ట మీదొకటి. నడుమ అంత దూరం తీగె ఉయ్యాల లెక్క ఏలాడుతది. గందుకే ఇంజినీరు సాబ్ ఆడ గసొంటిదే తీగె ముక్క ఒకటి కట్టిచ్చి, దాన్ల ఎర్రగీత గీసిన ధర్మామీటరు వెట్టిచ్చిండు."

"తెలుసు."

"రోజు మద్యానం పోయి చూసుడు నా పని. చూసి, ఎన్ని మోటర్లు నడుస్తున్నయో దాన్ని బట్టి పెద్ద తీగె ఎంత కాగిందో అంచన కట్టాలె. ఎర్రగీత దాటేటట్టుంటె ఊరి కొసకు స్విచ్చు గుంజి మోటర్లు బంద్ చెయ్యాలె. పొద్దు వాలినంక మల్ల ఎయ్యాలె."

"తెలుసు అంటున్న గదా! నువ్వు బంద్ చేసినప్పుడల్ల, పంట ఎండుతాందని లచ్చయ్య పటేలు నిన్ను తిట్టే తిట్లు ఈడికి ఇనవడేవి."

"ఆ దినం తిట్టలే."

"గా దినం మాట ఎత్తకు."

"ఆ దినం పటేలు తిట్టలే అవ్వా. మోటర్లు మద్యానమంత నడిచినయి. నేను గుట్టకు పోలే. స్విచ్చూ గుంజలే."

"నీ పెండ్లాం పానం మీదికొచ్చె. నువ్వెట్ల పోతవు? పొల్ల అడ్డం తిరిగింది. మొదలు కాళ్లొచ్చినయి. బండి కట్టి దవాఖానకు తీస్కపోయే యాళ్ల గూడ లేకుండె."

"గది నిజమే. నువ్వు లేకుంటె ఇద్దరు పోయేటోళ్లు. ఆ సంగతి సచ్చేదాక మర్వను. గని గుట్టకు పోకున్న, ఉరికి పోయి స్విచ్చు గుంజి రావచ్చు గదా? అన్నం ఉడికేంత సేపు గూడ పట్టదు. ధర్మామీటరు పుల్ల చూడకున్న, ఎందుకైన మంచిదని గుంజితె ఏం పోతుండె? పటేలు నాలుగు తిట్లు తిట్టేటోడు. గంతే. నాలుగు తిట్లు!"

"తిట్లు తినుడు ఎవరికిష్టం?"

"మల్లప్పకు గూడ తెలుసు. నేనొచ్చి చూసి పోయినంకనే మందను తీగె కిందికెల్లి తోలుకపోయేటోడు. 'డాక్టరు చూసిండు, ఇగ భయం లేదు' అనేటోడు. ఆ దినం ఎంతసేపు ఎదిరిచూసిండో. నేను రాకుంటె, రావాల్సిన పని లేదనుకున్నడు గావచ్చు. నన్ను నమ్మిండవ్వా వాడు."

"సప్పుడు చెయ్యకు! నీకు మొక్కుత, సప్పుడు చెయ్యకు!"

"చెప్పనియ్యి. గడపల నిలవడి వాకిట్ల వేపచెట్టు దిక్కు చూసిన. ఆకు కదులుతాంది. గాలి ఉన్నది గదా, తీగె సల్లగనే ఉంటది అనుకున్న. ఊర్ల గాలి ఊర్లనే ఉంటది. గుట్టల నడుమ రెండు దిక్కుల బండలు, పొయ్యి లెక్క ఉంటది. ఆడ ఆకు గూడ కదలదు. నాకు తెలుసు గా సంగతి. తెలిసి గూడ ఇంటి కాడ కూసోని తీగె జరం చెప్పిన."

"వేపచెట్టు..."

"ఆఁ, వేపచెట్టు."

"నువ్వే చూసినవా?"

"నేనే చూసిన."

"నువ్వే?"

"నేనే అవ్వా. ఇంకెవరు చూస్తరు?"

"మంచిగ యాది చేసుకో."

"యాదికున్నది. నేనే చూసిన, నేనే అనుకున్న, నేనే కూసున్న. ఎన్నిసార్లు అడుగుతవు?"

"నీకు అబద్దం చెప్పుడు చేతకాదు ఖుద్దూసూ. అబద్దమాడితె నీ చెవులు ఎర్రగైతయి. చిన్నప్పటికెల్లి గంతే."

"ఎండకైనయి."

"ఎండకే గావచ్చు."

"గందుకే ఇప్పుడే పోయి పెద్దల ముందు చెప్త. గుర్వన్న కట్టె ఇరవకముందే చెప్త. కట్టె పొడుగైనా అందకుండె, తీగె కిందికి జారితె అందింది, జారనిచ్చింది నేను అని చెప్త. పై ఆఫీసుకు గూడ పోత."

"నౌకరి తీసేస్తరు."

"తియ్యనీ."

"జైల్ల ఏస్తరు."

"ఎయ్యనీ."

"పచ్చి బాలింత. పసిపొల్ల. ఆల్లేం గావాలె?"

"అల్లా చూస్తడు. గుర్వన్న తమ్ముని సంపుకున్న అనుకుంట బతకాల్నా? నేను పొల్లను ఎత్తుకోని ఆడించాల్నా? అవ్వా, ఆ పొల్ల నవ్వితె నేను మొహం తిప్పుకుంటున్న. నా చేతిల పెడితె అమీనాకు తిరిగిచ్చేస్తున్న. నీకు ఎత్తుకోనీకె చేతకాదా అని తిడుతాంది. ఏమని చెప్పాలె దానికి?"

"ఏం చెప్పకు. ఎత్తుకో. ఆడించు. ఎవరికి ఏం చెప్పకు. ఇగో, నీ కాళ్లు మొక్కుత—"

"తోబ, తోబ! లే అవ్వా! తల్లసొంటిదానివి, నా కాళ్లు పట్టుకుంటవా? నన్ను ఇంకా పాపంల దించుతవా? లే!"

"చెప్పనని మాటియ్యి, లేస్త."

"ఇయ్యను! ఇదేందవ్వా? ఒక్క కొడుకు మట్టిల కలిసె. ఉన్న ఒక్కడు ఇల్లిడిసి పోతుండె. వాన్ని ఆపే మాట నా నోట్ల ఉన్నది. నువ్వేమో నా నోరు మూస్తవు. ఏ తల్లన్న గిట్ల చేస్తదా?"

"చేస్తది."

"ఎందుకు?"

"నీ పొల్ల కోసమే."

"నా పొల్ల కోసం కాదు. నేనొచ్చినకాడికెల్లి చూస్తున్న, నా మొహం దిక్కు చూస్తలేవు. నేల దిక్కు చూసుకుంట మాట్లాడుతున్నవు."

"కండ్లల్ల సత్తువ లేదు."

"అవ్వా..."

"ఊరంత ఏమంటాందో తెలుసా? జానమ్మ చేతిల దేవుడున్నడు, అడ్డం తిరిగిన పిల్లను గూడ బతికిచ్చింది అంటాంది. కొడుకు సచ్చిన దుఃఖంల ఉన్నదని ఓదార్చనీకె అంటరు. గా మాట ఇంటె ఈ చేతులు నరుక్కోవాలనిపిస్తది."

"గట్లెందుకంటవు? నీ చేతులేం జేసినయి?"

"ఏం జేసినయో నీకు తెల్వదా?"

"తెల్వదు."

"తెల్వదా?"

"...తెల్వదు."

"ఇగో, మల్ల చెవులు ఎర్రగైనయి."

"నాకు యాదికే లేదు అవ్వా. నాకు అమీనా ఒర్లుడు యాదికున్నది, నువ్వు ఉడుకునీళ్లు అడుగుడు యాదికున్నది. ఇంకేం యాదికి లేదు. ఎవరడిగినా గిదే చెప్త. పెద్దలడిగినా, పోలీసోళ్లడిగినా, వేపచెట్టు దిక్కు చూసింది నేనే. నువ్వు నీ పని చేసినవు. నేను నా పని చెయ్యలే. గంతే."

"పొల్లకు నీళ్లు పోస్తున్న. ఉడుకు చాలలేదని చెంబు పట్టుకున్న. గా కేక ఇనవడ్డది, మల్లప్పను తీగె కొట్టిందని. అందరు ఉరికిండ్రు. నేను ఉరకలే, చూసినవా? పొల్లను తుడిచి, బట్ట చుట్టి, అమీనా పక్కకు ఏసి, అప్పుడు లేచిన. ఎంత గట్టి మనిషి అన్నరందరు. గట్టితనం కాదు బిడ్డా. కాళ్లు రాలేదు. ఆ కేక ఇనంగనే నాకు తెలిసింది."

"లోపల సప్పుడైతాంది. గుర్వన్న వస్తున్నడు."

"కండ్లు తుడుసుకో. నీకు పుణ్యముంటది, సప్పుడు చెయ్యకు."

గుర్వయ్య బయటికి వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో ఆ కట్టె. కొడవలి తీసేసి ఉంది.

"పెద్దలు కబురువెట్టిండ్రు అవ్వా, పోతున్న. ... ఖుద్దూస్, నువ్వెప్పుడొచ్చినవు? పొల్ల మంచిగున్నదా?"

"మంచిగుందన్నా."

"అమీనా?"

"మంచిగుంది."

"గది చాలు. నీకొక మాట చెప్దామని రెండు మూడుసార్లు మీ ఇంటి దిక్కొచ్చి ఎనకకు తిరిగిన. నా వల్ల నీకు బదనాం వచ్చింది. ఆఫీసోళ్లు నిన్ను అందరి ముందట నిలవెట్టి అడుగుతుంటె చూసిన. తీగె కింద పొడుగు కట్టె వద్దని నువ్వు ఎన్నడో చెప్పినవు. నేనే ఇనలే. మాఫ్ చెయ్యి తమ్మీ."

"అన్నా, గట్ల అనకు! నీకు దండం వెడత, గట్ల అనకు!"

"అననియ్యి. మల్ల కలుస్తమో లేదో. మల్లప్పకు నువ్వంటె పానం. నువ్వు గుట్టకు రాని దినం వానికి పొద్దు పోకపోతుండె. ... అవ్వా, యాదలక్ష్మిని మంచిగ చూసుకో. మందను దానికే అప్పజెప్పిన. నన్ను కొడుకు అని తలుచుకోకు. తలుచుకుంటె చిన్నోడు యాదికొస్తడు."

"గుర్వన్నా ఆగు! బీరప్ప గుడికి నేనొస్త. కట్టెది తప్పు కాదన్నా, ఇరవకు. తీగె కాగి కిందికొచ్చింది. మోటర్లు బంద్ చెయ్యాల్సింది నేను, చెయ్యలే. ఆ దినం నేను ఇంటి కాడ కూసోని—"

"ఏం మాట్లాడుతున్నవు? అమీనా కాన్పుల ఉండె గదా నువ్వు."

"ఉండె. అయినా పోవాల్సింది. పోతె మల్లప్ప బతికేటోడు. నేనే గడపల నిలవడి వేపచెట్టు దిక్కు చూసిన, నేనే—"

"ఆగు ఖుద్దూసూ."

"నువ్వు లోపటికి పో అవ్వా! నేను చెప్తున్న గదా!"

"నువ్వు సగమే చెప్తవు. ఎన్నిసార్లు చెప్పినా సగమే చెప్తవు, నాకెరుకే. ... గుర్వయ్యా, కట్టె కింద వెట్టి కూకో బిడ్డా. ఆ దినం ఈ పిలగాడు, స్విచ్చు గుంజి ఉరికొస్త అని వాకిలి దాటిండు. రెక్క వట్టి ఎనకకు గుంజింది నేను. వేపాకు కదులుతాంది, గాలి మంచిగున్నది, నీ తీగెకు జరం గిరం రాదు, ఈడనే కూకో అన్నది నీ అవ్వ."